కాలువపడవల రంగుపూత

సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాషీలు పటముపై పూయునదియు, గోదావరీ డెల్టాలో పడవవారు చెక్కకు పూసినదియు లోకవ్యవహారమున రంగే. నామ మొక్కటియైనను ద్రవ్యము వేరు, ప్రయోజనము వేరు. ఈ భేదమును గుర్తింపనిచో పడవరంగు కేవలము అలంకారమని భ్రాంతి కలుగును.

అట్టి భ్రాంతికి యుక్తికల్పతరువు కొంత ఆధారము. భోజరాజకృతమని ప్రసిద్ధమైన ఆ సంస్కృతగ్రంథమున నాలుగు తెరచాపకొయ్యల నావకు తెలుపు, మూడుకొయ్యలదానికి ఎరుపు, రెండుకొయ్యలదానికి పసుపు, ఒంటికొయ్యదానికి నీలము విధింపబడినవి. రాజుల యానములకు ఈ విధి శోభించును గాక! ధాన్యపు బస్తాలు మోయు కాలువపడవకు ఇది చాలదు.

ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది. ఆర్థరు కాటను కాలువలను సేద్యమునకేగాక పడవల రాకపోకలకును ఉద్దేశించెను. అందుచే వాలు మిక్కిలి తక్కువగా నుంచి, నీటిమట్టము మారుచోట్ల లాకులు కట్టించిరి. ఏలూరు, కొమ్మమూరు, బకింగుహాము కాలువలమీదుగా కాకినాడనుండి చెన్నపట్టణము వరకు పడవ పోగలిగెను. మంచినీట చెక్కకు కుళ్లు భయము. ఉప్పునీటి బకింగుహాము కాలువలో చెక్కను తొలుచు పురుగుల భయము. రెంటికిని పూతయే కవచము.

వేసవిలో కాలువలు కట్టివేయుదురు. లాకులకు విశ్రాంతియగు ఆ దినములే పడవవానికి తీరిక లేనివి. పెద్ద మరమ్మతునకు వడ్రంగి కావలయును. పూతకు పడవవాని చేతులే చాలును. పడవను గట్టునకు లాగి, దుంగలపై నిలిపి, మొదట పాతపూతను గీకి చెక్కను ఆరనీయవలయును. లోపల తడి యుండగా పైన తారు పూసినచో నీరు వెలికి పోలేక చెక్క లోనుండి చివుకును. ఇది కంటికి కనబడని నాశము. పిదప పలకల సందులలో నార జొనిపి, నూనెలో కాచిన గుగ్గిలముతో మూయవలయును. పూత కన్నిటికంటె నేర్పు కావలసినది వేళ నెరుగుటయందు. రాత్రిచెమ్మ ఆరకముందు పూసిన నది అంటదు. మిట్టమధ్యాహ్నము పూసినచో పైపొర త్వరగా గట్టిపడి, లోపలిది మెత్తగా నిలిచి, బొబ్బలెత్తును. కావున చెమ్మ ఆరిన పిమ్మట, ఎండ ముదరకముందు, పలుచగా నొక పూత. అది యారిన పిదప మరియొకటి. దట్టముగా నొక్కమారు పూసి పని తప్పించుకొంటి ననుకొనువాడు మరుసటియేడు రెట్టింపు గీకవలసి వచ్చును.

ఈ విద్య కాటను కాలువలతో పుట్టినది కాదు. హిందూదేశమునకు వచ్చిపోవు నావలకు, తారు లేకుండుటచే, సున్నమును సన్నగా తరిగిన జనపనారను ఒక చెట్టునూనెతో దంచి పూయుదురని 13వ శతాబ్దపు యాత్రికుడు మార్కోపోలో వ్రాసెను. ఆయన వర్ణించిన మోటుపల్లి రేవు కాకతీయులది. 1244లో గణపతిదేవుడు ఓడవర్తకులకు అభయశాసన మిచ్చిన దచ్చటనే. ఆ కాకతీయుల యేలుబడిలోనిదే సిద్దిపేట ప్రాంతమును. అయినను ఈ మెరకసీమ చెరువుల నెరుగును గాని పడవదారుల నెరుగదు.

కనుక ఇచ్చటి రంగు పొడిచోటనే పెరిగినది. చేర్యాల నకాషీ ఖద్దరుబట్టకు గంజి పట్టించి, తెల్లమట్టి, చింతగింజల జిగురు, బంక కలిపి పూసి పటమును సిద్ధముచేయును. రంగులను బంకనీటిలో కలుపును. కులపురాణములు చెప్పువారు ఊరూర త్రిప్పు ఆ పటము తరములు నిలుచును, తడియనంతవరకు. బంక నీట కరగును, నూనె కరగదు. చిత్రకారుని రంగునకును పడవవాని పూతకును గల భేదము వర్ణమున కాదు, ఈ కలుపుద్రవ్యమున నున్నది.

సిద్దిపేటకును ఇటీవల కాలువలు వచ్చినవి. రంగనాయకసాగరము 2020లో, మల్లన్నసాగరము 2022లో ప్రారంభమైనవి. కాని ఆ నీరు పంపులచే ఎత్తిపోయబడి, మెరకనుండి వాలుగా పొలములకు దిగును. లాకులు లేవు, పడవలు లేవు. డెల్టాలోను రైలు, లారీ వచ్చిన పిదప సరకుపడవలు క్రమముగా తగ్గిపోయినవి. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలు నాలుగవ జాతీయజలమార్గమున చేరినను పూర్వపు చెక్కపడవల సందడి తిరిగి రాలేదు. వానితో కూడ పూతకు, సందుకు, గట్టుకు సంబంధించిన పలుకుబడులును పోవుచున్నవి. పడవవారి వృద్ధుల నోట వీనిని వ్రాసికొనుట నిఘంటుకారులకు మిగిలిన పని. ఒక్కొక్క లాకువద్ద ఒక్కొక్క మాట యుండవచ్చును.