సమాసన్యాయము – తరిగొండ వెంగమాంబ చరిత్రము

పాణిని సమర్థసూత్రమును వ్యాఖ్యానించుచుఁ బతంజలి సామర్థ్యమును వ్యపేక్ష, యేకార్థీభావ మని రెండు తెఱంగుల విచారించెను. వాక్యమునఁ బదములు తమతమ యర్థములను విడువక పరస్పరాకాంక్షతో నన్వయించుట వ్యపేక్ష. సమాసమున నవి కలసి యొక్క విశిష్టార్థమును బోధించుట యేకార్థీభావము. 'రాజపురుషుఁ' డన్న పిమ్మట నందలి రాజునకు మాత్రము వేఱుగా విశేషణము చేర్ప వలనుపడదు. మనుష్యుల సాంఘికస్థితిని నిరూపించునపుడును ఈ భేదము గమనింపఁదగినది. కులమును స్త్రీత్వమును వేర్వేఱుగాఁ బరిశీలించి పిదపఁ గూడినచో సత్యము చేజాఱును.

తరిగొండ వెంగమాంబ చరిత్ర మిందులకు నిదర్శనము. ఆమె 18వ శతాబ్దమున మదనపల్లె ప్రాంతమందలి తరిగొండలో బ్రాహ్మణకుటుంబమున జనించి, బాల్యముననే భర్తను గోల్పోయెను. కేశఖండనమున కామె యొడంబడలేదని యైతిహ్యము. ఆ విధి భార్యను గోల్పోయిన బ్రాహ్మణునకు లేదు. ఇతరకులముల విధవలలోఁ బెక్కండ్రకును లేదు. కావున నది కులమాత్రమునఁ గలిగినది గాదు, స్త్రీత్వమాత్రమునఁ గలిగినదియుఁ గాదు. 'బ్రాహ్మణవిధవ' యను సమస్తపదమునకే చెందినది. అయినను, ఆ జన్మమే మదనపల్లెలో రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రికడ నుపదేశము పొందుటకు నామెకుఁ ద్రోవ యయ్యెను. వేంకటాచలమాహాత్మ్యము, వాసిష్ఠరామాయణము, ద్విపదభాగవతము మున్నగునవి రచించి, తిరుమలలో స్థిరపడి, 1817లో నామె పరమపదించెను.

తంజావూరి ప్రతాపసింహుని యాస్థానకవయిత్రి ముద్దుపళని స్థితి దీనికి విపర్యాసము. గృహిణులలోఁ బెక్కండ్రకు లభింపని విద్య గణికాకులమున నామెకు లభించెను. పురుషులు రచించిన శృంగారప్రబంధములను బండితులు పాఠము చెప్పుచుండఁగా, రాధికాసాంత్వనమును మాత్రము కందుకూరి వీరేశలింగము కవయిత్రి శీలమును స్త్రీత్వమును బేర్కొని నిందించెను. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లోఁ బ్రకటించిన యా గ్రంథమును ప్రభుత్వము 1911లో నిషేధించెను. నిషేధము 1947లోఁ దొలఁగెను.

అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థపై నల్లజాతి స్త్రీలు తెచ్చిన వ్యాజ్యమున, జాతిభేదమును స్త్రీపురుషభేదమును గలిపి విచారించుటకు న్యాయస్థానము 1976లో నిరాకరించెను. ఆ తీర్పును విమర్శించుచు న్యాయశాస్త్రజ్ఞురాలు కింబర్లీ క్రెన్‌షా 1989లోఁ గూడలిలోని ప్రమాదము నుపమానముగాఁ జెప్పెను: గాయము ఏ త్రోవనుండియైనఁ గలుగవచ్చును, అన్నిటినుండియుఁ గలుగవచ్చును. కూడలిలోఁ ద్రోవలు వేఱుగానే నిలుచును; సమాసమం దర్థములు వేఱుగా నిలువవు. ఇది మన వ్యాకరణము చేర్పఁదగిన విశేషము.

మన వాఙ్మయచరిత్రకారులు 'కవయిత్రు' లను నొక్క శీర్షికక్రింద వీరినెల్లఁ జేర్చుట విగ్రహవాక్యము చెప్పక సమాసమును బఠించుటవంటిది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమల స్త్రీచరిత్రము వ్రాయఁబూనువారు ముందు విగ్రహము చెప్పవలెను. పిమ్మట నందుఁ బుట్టిన విశిష్టార్థమును గుర్తింపవలెను.