దాదా నాటి జంట గొట్టాల బందూక్: కొత్త గొట్టాలు వేయించే ముందు తెలుసుకోండి

నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగు చేశాడంటూ 1839లో ఈస్టిండియా కంపెనీ కర్నూలును తన చేతిలోకి తీసుకుంది. బందూక్ మీద సర్కారు కన్ను ఈ సీమకు కొత్త కాదు. కర్నూలు, కడప జిల్లాల్లో కొన్ని ఇళ్లలో దాదాల నాటి డబుల్ బ్యారెల్ ఇప్పటికీ ఉంది. గొట్టం తుప్పు పట్టిందని దాన్ని వెల్డింగ్ షాపుకు తీసుకెళ్తే ప్రాణానికీ ముప్పే, జైలుకూ దారే.

పాత గొట్టంతో ప్రమాదం ఏమిటి?
19వ శతాబ్దపు గొట్టాలు చాలావరకు ఇనుము, ఉక్కు కడ్డీలను మెలితిప్పి, చుట్టి, సుత్తితో అతికించినవి. పైన అలల్లాంటి గీతలు కనిపిస్తాయి. వీటిని డమాస్కస్ గొట్టాలంటారు. ఇవి నల్ల తుపాకీ మందు కోసం చేసినవి. ఇప్పటి తూటాల్లోని పొగ రాని మందు ఒత్తిడికి పగిలిపోవచ్చు. పాత తుపాకుల్లో తూటా పెట్టే చోటు చాలావాటికి 65 మిల్లీమీటర్లే. ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా అందులో పట్టినట్టే ఉంటుంది, కానీ పేలినప్పుడు మూత విచ్చుకునే చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది.

గొట్టాలు ఎలా మారుస్తారు?
పాత తుపాకులు చేత్తో అమర్చినవి. అదే కంపెనీ గొట్టాలైనా ఒకదానివి ఇంకోదానికి సరిపోవు. ఒక దారి, జత మొత్తం కొత్తగా చేయించడం. రెండోది స్లీవింగ్: పాత గొట్టాల వెనుక భాగం మాత్రం ఉంచి, ముందు భాగం కోసేసి, కొత్త ఉక్కు గొట్టాలు బిగించడం. ఏ దారిలోనైనా ఆ తర్వాత మామూలు కంటే ఎక్కువ ఒత్తిడితో పేల్చి పరీక్షించాలి. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 నుంచి ఈ పని చేస్తోంది.

చట్టం ఏమంటుంది?
1959 ఆయుధాల చట్టం ప్రకారం గొట్టం లాంటి విడిభాగం కూడా ఆయుధమే. రిపేరు చేసేవారికి లైసెన్స్ ఉండాలి. గొట్టం కోసి పొట్టి చేయడానికీ లైసెన్స్ కావాలి. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేకుండా తుపాకీ రిపేరు చేస్తే కనీసం ఏడేళ్ల జైలు.

లైసెన్స్ ఉన్న పెద్దాయన చనిపోతే వారసులు ఆలస్యం చేయకుండా తుపాకీని పోలీస్ స్టేషన్‌లోగానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరగానీ జమ చేయాలి. తర్వాత వారసత్వ లైసెన్స్ కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెద్దాయన బతికుండగానే, 70 ఏళ్లు దాటినా, తుపాకీ ఉంచుకుని 25 ఏళ్లయినా, వారసుడి పేరు చెప్పొచ్చు.

రిపేరు చేసినా పేలే అవకాశం లేని పురాతన తుపాకీకి చట్టంలో మినహాయింపు ఉంది. అయితే కొత్త గొట్టం వేశారంటే ఆ మినహాయింపు పోయినట్టే. జ్ఞాపకంగా ఉంచుకోవాలనుకుంటే పాత గొట్టాలను అలాగే వదిలేయడమే మేలు.

అందుకే ముందు కాగితాలు, తర్వాత డీలర్ సలహా, ఆ తర్వాతే గొట్టం మాట.