చేవెళ్ల ఎంపీ కొండా విశ్వేశ్వర్ రెడ్డి: ఐటీ కారిడార్ ముస్లిం కుటుంబాలు ఏ విషయం ఎవరిని అడగాలి?

టోలీచౌకిలో ఉన్నంతవరకు మీ ఎంపీ హైదరాబాద్ లోక్‌సభ సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ. కొద్ది కిలోమీటర్ల దూరంలోని మణికొండకో, గచ్చిబౌలికో ఇల్లు మారితే మీ ఎంపీ బీజేపీకి చెందిన కొండా విశ్వేశ్వర్ రెడ్డి. హైటెక్ సిటీ చుట్టుపక్కల ఉండే చాలా కుటుంబాలు ఈ తేడాను పట్టించుకోవు. పార్లమెంటులో ఏం జరుగుతోందో ఎంపీ ప్రెస్‌మీట్‌లో చెబితే అది తమకు సంబంధం లేదనుకుంటారు. కానీ ఓటు ఎవరికి వేసినా జవాబు అడిగే హక్కు అందరిదీ.

ఎవరీ ఎంపీ?

రంగారెడ్డి జిల్లాకు పేరు వచ్చిన కొండా వెంకట రంగారెడ్డి మనవడు. వృత్తిరీత్యా ఇంజనీర్. 2014లో టీఆర్ఎస్ తరఫున చేవెళ్ల నుంచి గెలిచారు. 2018లో కాంగ్రెస్‌లో చేరి, 2019లో ఓడిపోయారు. 2022లో బీజేపీలోకి వెళ్లారు. 2024లో 1.72 లక్షలకు పైగా మెజారిటీతో మళ్లీ లోక్‌సభకు ఎన్నికయ్యారు. చేవెళ్ల పరిధిలో శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్, మహేశ్వరం, చేవెళ్ల, పరిగి, వికారాబాద్, తాండూరు అసెంబ్లీ సెగ్మెంట్లు ఉన్నాయి. అంటే ఇటు ఐటీ కంపెనీలు, అటు కంది పండే పల్లెలు.

వక్ఫ్ సవరణ చట్టం

ఆయన పార్టీ తెచ్చిన చట్టాల్లో ముస్లింలను నేరుగా తాకినవాటిలో ఇదొకటి. 2025 ఏప్రిల్‌లో లోక్‌సభలో 288–232, రాజ్యసభలో 128–95 ఓట్లతో బిల్లు పాసైంది. పారదర్శకత కోసమేనని బీజేపీ చెప్పింది. కాంగ్రెస్, బీఆర్ఎస్, మజ్లిస్ వ్యతిరేకించాయి.

2025 సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. వక్ఫ్ చేయాలంటే అయిదేళ్లుగా ఇస్లాం పాటిస్తూ ఉండాలన్న నిబంధనను, రూల్స్ వచ్చేదాకా ఆపింది. ప్రభుత్వ అధికారి విచారణతోనే వక్ఫ్ భూమి రికార్డులు మారిపోకుండా నిలిపింది. రాష్ట్ర బోర్డులో ముస్లిమేతరులు ముగ్గురికి మించొద్దంది. అయితే ‘వాడుక ద్వారా వక్ఫ్’ తొలగింపును, రిజిస్ట్రేషన్ షరతును ఆపలేదు.

అందుకే కాగితాలు ముఖ్యం. ఉమీద్ పోర్టల్ 2025 జూన్ 6న మొదలైంది. ఆస్తుల వివరాలు ఎక్కించడానికి ఆరు నెలలే గడువు ఇచ్చారు. గడువు పెంచడానికి సుప్రీంకోర్టు డిసెంబర్‌లో ఒప్పుకోలేదు, ట్రిబ్యునల్‌కు వెళ్లమంది. మీ మస్జిద్, ఖబ్రస్తాన్, ఈద్గా వివరాలు ఎక్కాయో లేదో ముతవల్లిని, లేదా నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డును అడగండి.

మణికొండ చెప్పే పాఠం

ఐటీ కారిడార్‌లో ఈ ప్రశ్న కొత్తది కాదు. మణికొండ జాగీర్‌లోని హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందిన వక్ఫ్‌గా 1,654 ఎకరాల 32 గుంటలను వక్ఫ్ బోర్డు 2006 నాటి సవరణ గెజిట్‌లో చూపింది. అందులో చాలా భూమి అప్పటికే కంపెనీలకు, సంస్థలకు వెళ్లిపోయింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ భూమి ప్రభుత్వానిదేనని తీర్పు చెప్పింది. 1989 గెజిట్‌లో దర్గా పేరిట నమోదైంది సుమారు ఎకరమే. కొత్త చట్టం రాకముందే వచ్చిన తీర్పు ఇది. రికార్డు సమయానికి సరిగ్గా లేకపోతే, ఏ పార్టీ అధికారంలో ఉన్నా తర్వాత నిలబెట్టుకోవడం కష్టమని మణికొండ చూపించింది.

కంచ గచ్చిబౌలి

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించింది. ఇక్కడ భూమి వేలం ఆలోచన రాష్ట్ర కాంగ్రెస్ ప్రభుత్వానిది, యూనివర్సిటీ మాత్రం కేంద్రానిది. బీజేపీ రాష్ట్ర ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. నాయకులు ఒకరి మీద ఒకరు నెట్టుకునేటప్పుడు ఏది ఎవరి చేతిలో ఉందో ప్రజలకు తెలిసి ఉండాలి.

ఎవరిని ఏం అడగాలి?

ఎంపీని: వక్ఫ్ చట్టం, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన, పాస్‌పోర్ట్, రైల్వే, మైనారిటీ విద్యార్థుల కేంద్ర స్కాలర్‌షిప్‌లు. ఏటా 5 కోట్ల ఎంపీ నిధులు కూడా ఆయన సిఫారసుతోనే ఖర్చవుతాయి. వాటితో రోడ్డు, బడి గది, తాగునీటి పనులు అడగొచ్చు. మస్జిద్, మందిర్ లాంటి ప్రార్థనా స్థలాలకు ఆ డబ్బు వాడకూడదు.

ఎమ్మెల్యేని, రాష్ట్ర ప్రభుత్వాన్ని: భూమి రికార్డులు, పోలీసు, రేషన్ కార్డు, మైనారిటీ గురుకులాలు.

మున్సిపల్ ఆఫీసును: డ్రైనేజీ, చెత్త, వీధి దీపాలు.

ఎంపీ మీటింగులో చెప్పిన మాటను సరిచూసుకునే దారి ఉంది. ఆయన సభలో ఏ ప్రశ్నలు వేశారు, ఏ చర్చలో ఏం మాట్లాడారన్నది లోక్‌సభ అధికారిక వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. అడగాల్సింది రాతపూర్వకంగా అడిగి, కాపీ దగ్గర పెట్టుకోండి. నోటి మాటకు సాక్ష్యం ఉండదు, కాగితానికి ఉంటుంది.