బ్యాంజో ఎవరిది?

ముందుగా ఒక మాట. మన దేశంలో మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్ తరంగ్‌ని కూడా బ్యాంజో అనేస్తుంటారు. నేను చెప్పబోయేది అది కాదు. గుండ్రటి చట్రానికి తోలు బిగించి, పొడుగాటి దండి మీద ఐదు తీగలు కట్టిన అమెరికన్ బ్యాంజో గురించి.

రెండేళ్ళుగా దానిమీద క్లాహ్యామర్ పద్ధతిలో పాత జానపద బాణీలు నేర్చుకుంటున్నాను. ఈ సంగతి తెలిసినవాళ్ళు అడిగేది ఒకటే: "అది అమెరికా కొండప్రాంతాల తెల్లవాళ్ళ వాయిద్యం కదా?" అందులో సగమే నిజం. మిగతా సగం చెప్పడానికే ఈ టపా.

క్లాహ్యామర్‌లో తీగని వేలికొసతో పైకి లాగరు. వేళ్ళు గోళ్ళలోకి ముడిచిన పక్షి పంజాలా పెట్టి, గోరు వెనకవైపుతో తీగని కిందికి కొడతారు. వెంటనే బొటనవేలు పొట్టిగా ఉండే ఐదో తీగని మీటుతుంది. బాణీ ఏదైనా ఆ తీగ మాత్రం మన తంబురాలా ఒకే స్వరం పలుకుతూ ఉంటుంది. చూడ్డానికి తేలిక, చెయ్యి తిరగడానికి నెలలు పడుతుంది.

ఈ పొట్టి తీగని వర్జీనియాకి చెందిన జోయెల్ స్వీనీ అనే తెల్లాయన కనిపెట్టాడని చాలాకాలం చెప్పుకున్నారు. ఆయన పుట్టింది 1810లో. కానీ 1785-90 ప్రాంతంలో దక్షిణ కరొలైనాలో వేసిన 'ది ఓల్డ్ ప్లాంటేషన్' అనే బొమ్మలో ఒక నల్లజాతి బానిస వాయిస్తున్న సొరకాయ బుర్ర బ్యాంజోకి పొట్టి తీగ కనిపిస్తూనే ఉంది! అంతకు ముందే, 1687లో జమైకా వెళ్ళిన హాన్స్ స్లోన్ అక్కడి ఆఫ్రికన్ బానిసల తీగవాయిద్యాల గురించి రాశాడు. 1707లో వచ్చిన ఆయన పుస్తకంలో వాటి బొమ్మ కూడా ఉంది.

మరి తెల్లవాళ్ళ చేతికి ఎలా వచ్చింది? ఇరుగుపొరుగు నల్లవాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళు కొందరు. ఇక 1843లో న్యూయార్క్‌లో మొదలైన వర్జీనియా మిన్‌స్ట్రెల్స్ లాంటి బృందాలు మొహానికి మసి పూసుకుని, నల్లవాళ్ళని వెక్కిరిస్తూ, వాళ్ళ వాయిద్యాన్నే వాయించి డబ్బు చేసుకున్నాయి. ఆ అవమానం వల్ల కూడా చాలామంది నల్లవాళ్ళు బ్యాంజోకి దూరమయ్యారు. 1920లలో రికార్డు కంపెనీలు నల్లవాళ్ళకి బ్లూస్, తెల్లవాళ్ళకి కొండపాటలు అని అరలు గీశాక మిగిలిన ఆనవాళ్ళు కూడా మరుగునపడ్డాయి.

చెయ్యి మాత్రం మరిచిపోలేదు. పశ్చిమ ఆఫ్రికాలో జోలా తెగవాళ్ళ అకాంటింగ్ అనే మూడు తీగల వాయిద్యాన్ని 2000లో గాంబియా పరిశోధకుడు డేనియల్ జట్టా అమెరికాలో వాయించి చూపించాడు. అదే గోటి దెబ్బ, పొట్టి తీగ మీద అదే బొటనవేలు! అకాంటింగ్ ఒక్కటే బ్యాంజోకి మూలమని కాదు, అలాంటి వాయిద్యాలు అక్కడ చాలా ఉన్నాయి. 2005లో ఉత్తర కరొలైనాలోని బూన్‌లో నల్లజాతి బ్యాంజో కళాకారుల సభ జరిగింది. దాన్నుంచే కరొలైనా చాక్లెట్ డ్రాప్స్ బృందం పుట్టింది. జో థాంప్సన్ అనే పెద్దాయన దగ్గర పాత బాణీలు నేర్చుకుని, 2011లో గ్రామీ కూడా గెలుచుకుంది.

పాత బాణీలు వాయించేవాళ్ళలో ఒక మంచి అలవాటుంది: ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పి మరీ వాయిస్తారు. నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే ఇదొక మార్పుల చిట్టా. చిక్కేమిటంటే ఇందులో మొదటి పేజీలు చించేశారు. పోయిన పేర్లన్నీ తిరిగి రావు. కనీసం అక్కడ పేజీలు ఉండేవని చెప్పి వాయించడం మర్యాద అని నా అభిప్రాయం. మీరేమంటారు?