మునగాల గ్రానైటు, మేళ్ళచెర్వు సున్నపురాయి: మధ్య మాయమైన కాలము

మా కళాశాల విద్యార్థి ఒకడు సెలవులకు ఊరు వెళ్లి వస్తూ మేళ్ళచెర్వు దగ్గరి క్వారీ నుండి ఒక నాపరాతి ముక్కను తెచ్చి నా బల్ల మీద పెట్టినాడు. బూడిదవన్నె రాతిపై నల్లని కొమ్మలు, రెమ్మలు, ఆకులు అచ్చుగుద్దినట్లున్నవి. "రాతిలో చెట్టు దొరికింది, సార్" అన్నాడు. అతని ఉత్సాహమును నీరుగార్చుటకు నాకు మనసొప్పలేదు గాని, నిజము చెప్పక తప్పలేదు. అది చెట్టు కాదు. రాతి పగుళ్లలోనికి ఊరిన నీరు తెచ్చిపెట్టిన మాంగనీసు ఆక్సైడు. భూతద్దముతో చూచిన, ఆ "కొమ్మలు" రాతి అంచున పగులు వద్ద మొదలై లోపలికి పాకినట్లు కనిపించును. ఈనెలు లేవు, కాడ లేదు. "అయితే ఈ రాయి వయస్సు ఎట్లా తెలుస్తుంది?" అని వెంటనే అడిగినాడు. శాస్త్రజ్ఞులను నూటయాభై ఏండ్లకు పైగా వేధించిన ప్రశ్న అదే.

మునగాల చుట్టూ ఉన్నది గ్రానైటు నేల. గుట్టలు, గుండ్లు, వాటి నడుమ చెరువులు, ఎర్రచెల్కలు. కోదాడ దాటి మేళ్ళచెర్వు, హుజూర్‌నగర్‌ల వైపు పోయినకొద్దీ గుండ్లు తగ్గిపోయి పలకలు పలకలుగా పేర్చినట్లుండే సున్నపురాయి మొదలగును. అక్కడి సిమెంటు కర్మాగారములన్నీ దీనిని నమ్ముకొన్నవే. ఈ పొరలు కృష్ణకు ఆవల మాచర్ల, పిడుగురాళ్ల వరకు సాగును. నాగార్జునకొండ, అమరావతి శిల్పులు ఉలి పెట్టినది ఈ పల్నాటి రాయి మీదనే. భూగర్భశాస్త్రజ్ఞులు దీనిని కడప హరివాణములో ఈశాన్యపు మూలగా లెక్కింతురు. నెలవంక ఆకారముగల ఆ హరివాణపు వైశాల్యము సుమారు 44 వేల చదరపు కిలోమీటర్లు.

ఈ రాళ్లను శాస్త్రదృష్టితో మొదట చూచినవారిలో డాక్టర్ వాయ్సీ ఒకడు. లాంబ్టన్ నడిపిన భూమికొలతల బృందములో వైద్యుడుగా, భూగర్భశాస్త్రజ్ఞుడుగా పనిచేసినాడు. బనగానపల్లెలో వజ్రములు గులకలతో కూడిన ఇసుకరాతిలో దొరుకుచున్నవని వ్రాసినాడు. ఆ వ్యాసము అతడు మరణించిన తరువాత 1825లో అచ్చయినది. ఈ చిన్న పరిశీలన తరువాత మనకెంత పనికివచ్చునో అప్పటికి ఎవరికీ తెలియదు.

పొరలన్నింటిని వరుసపెట్టినవాడు భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్. 1872లో వెలువడిన అతని గ్రంథము కడప, కర్నూలు శిలలను రెండు పెద్ద సముదాయములుగా విడదీసినది. అతడు పెట్టిన పేర్లు చూడండి: పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ, ఆపైన బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు. మన నదుల పేర్లు, ఊళ్ల పేర్లు ప్రపంచ భూగర్భశాస్త్రములో నిలిచినవి. ఆ గ్రంథము మద్రాసు రాజధానికి సంబంధించినది. మునగాల పరగణా అప్పుడు నిజాం రాజ్యము మధ్య చిక్కుకొన్న మద్రాసు రాజధాని ద్వీపము. 1959లో నల్లగొండ జిల్లాలో కలిసినది, 2016 నుండి సూర్యాపేట జిల్లాలో ఉన్నది. రాతిపొరలు మాత్రము ఏ సరిహద్దునూ లెక్కచేయలేదు.

కింగ్ పద్ధతి సులభమే. క్రింది పొర పాతది, పై పొర కొత్తది. కడప పొరలు వంగి, అరిగిపోయిన తరువాత వాటి అంచులపై కర్నూలు పొరలు పరచుకొన్నవి. కనుక రెంటికిని నడుమ చాల కాలము గడచినది. పల్నాటిలో అవే కర్నూలు పొరలు కొన్నిచోట్ల నేరుగా గ్రానైటు మీదనే కూర్చున్నవి. అయితే ఈ పద్ధతి ఏది ముందో, ఏది వెనుకో చెప్పునే గాని ఎన్ని ఏండ్లో చెప్పదు. ఐరోపాలో గవ్వలను, చేపలను చూచి పొరల కాలము నిర్ణయించుచుండిరి. ఇక్కడ గవ్వ లేదు, ఎముక లేదు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకములో హాలండ్ అను శాస్త్రజ్ఞుడు ఇటువంటి శిలలకన్నిటికి కలిపి "పురాణ" అని పేరు పెట్టినాడు. పేరు బాగున్నది గాని, అది ఒక విధముగా తెలియదని ఒప్పుకొనుటయే.

వయస్సు చెప్పకపోయినను ఈ పొరలు తాము పుట్టిన తీరును దాచలేదు. క్వార్ట్జైటు బండలపై నీటి అలల గీతలు నేటికిని చెరగలేదు. వేంపల్లె పొరలలో ఎండకు నెర్రెలు విచ్చిన బురద గుర్తులు, ఉప్పు స్ఫటికములు కరిగిపోగా మిగిలిన చదరపు అచ్చులు కలవు. లోతు తక్కువైన సముద్రపుటంచు మాటిమాటికి ఎండిపోయెడిదని వీటి సాక్ష్యము. నేడు అబూ దాబీ ఎడారి తీరమున ఉప్పుబయళ్లు ఇట్లే ఏర్పడుచున్నవి. వేంపల్లెలోనే ఉల్లిపొరలవంటి స్ట్రోమటోలైటులు కూడ ఉన్నవి. కంటికి కనిపించని నీలి-ఆకుపచ్చ జీవులు జిగురుచాపలవలె పెరిగి, సున్నపు రేణువులను పట్టి కట్టిన కట్టడములవి. ఆస్ట్రేలియా పశ్చిమ తీరమున షార్క్ బేలో వాటిని నేటికిని సజీవముగా చూడవచ్చును. మేళ్ళచెర్వు రాతి సన్నని సమపొరలు మాత్రము అలలు అంతగా కదిలించని నీటి అడుగున నెమ్మదిగా దిగిన సున్నపు బురద.

మరి ఆ సముద్రమునకు ఒడ్డుగా ఉన్న నేల ఎట్లుండెను? నేలమీద మొక్కలు పుట్టి సుమారు 47 కోట్ల సంవత్సరాలే అయినది. అంతకు ముందు వాన పడినను గడ్డిపరక లేదు, మట్టిని పట్టియుంచు వేరు లేదు. మునగాల గ్రానైటు మీద పడిన నీరు ఇసుకను తోసుకొనుచు పారిపోయెడిది. మిగిలినది గాలికి లేచెడిది. వర్షముగల ఎడారి అనవచ్చును. ఆనాటి నదుల తీరు తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు నేటి ఎడారి వాగులను పరిశీలించుటలో అర్థమిదే.

ఇక గడియారము సంగతి. యురేనియము తగ్గుచు సీసముగా మారుచుండును. యురేనియము 238లో సగము తరుగుటకు సుమారు 447 కోట్ల సంవత్సరాలు పట్టును. అయితే ఇసుకరాతిలో రేణువు నొకదానిని తీసి కొలిచిన చాలదా? చాలదు. పాత ఇంటి ద్వారబంధమును తెచ్చి కొత్త ఇంటికి బిగించినచో, ద్వారబంధము వయస్సు ఇంటి వయస్సగునా? మునగాల గ్రానైటు అరిగి వచ్చిన జిర్కాను రేణువు 250 కోట్ల సంవత్సరాలనియే చెప్పును; అది గ్రానైటు పుట్టుక. పొర అంతకన్న చిన్నదని మాత్రమే తెలియును.

అందుచేత పొరలలోనికి చొచ్చుకొనివచ్చిన అగ్నిశిలలను వెదకిరి. చొచ్చినది కొత్తది, చొరబడనిచ్చినది పాతది. పులివెందుల దగ్గర కడప క్రింది పొరల నడుమ దూరిన నల్లరాతి పలక ఉన్నది. అందులోని బాడెలియైటు స్ఫటికములు 188.5 కోట్ల సంవత్సరాల వయస్సు చూపినవని 2008లో ప్రకటించిరి. నల్లమల పొరలను చీల్చుకొని వచ్చిన చెలిమ లాంప్రాయిటు వయస్సు 135 నుండి 142 కోట్ల మధ్య తేలినది. కనుక కడప పొరలలో చాలభాగము అంతకన్న ప్రాచీనమైనది.

కర్నూలు పొరలకు ఇటువంటి అగ్నిశిల అక్కరకు రాలేదు. ఇక్కడ వాయ్సీ చూచిన వజ్రము సాక్ష్యమునకు వచ్చినది. వజ్రము ఇసుకలో పుట్టదు. భూమి లోతులలో పుట్టి, కింబర్లైటు గొట్టముల ద్వారా పైకి వచ్చును. అనంతపురము జిల్లా వజ్రకరూరు ప్రాంతపు గొట్టముల వయస్సు సుమారు 110 కోట్లని తేలినది. 1990వ దశకపు తొలి కొలతలలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞుల పాత్ర ముఖ్యమైనది. ఆ గొట్టములు అరిగి వజ్రములు బనగానపల్లె గులకలలో చేరినచో, ఆ గులకరాయి, దానిపై నిలిచిన సున్నపురాయి 110 కోట్లకన్న చిన్నవి కావలెను.

"చేరినచో" అన్నాను. ఆ వజ్రములు చెలిమవంటి పాత లాంప్రాయిటుల నుండి వచ్చియుండరాదా? రావచ్చును, అప్పుడు పొరలు మరికొంత పాతవి కాగలవు. మేళ్ళచెర్వు సున్నపురాయి కర్నూలు పొరలలోని నార్జి సున్నపురాయికి సాటియని అనుట కూడ రాతి పోలికను, పొరల వరుసను బట్టియే. ఈ రెండు మెట్లు తక్కినవాటియంత గట్టివి కావని విద్యార్థులకు చెప్పుట మంచిది.

ఈ లెక్క నిలిచినచో, పల్నాటిలో గ్రానైటు మీద నేరుగా కూర్చున్న పొరకు, దాని క్రింది గ్రానైటుకు నడుమ 140 కోట్ల సంవత్సరాలకు తక్కువ కాని కాలము మాయమైనది. చేతివెడల్పైనను లేని గీత అది. జంతువుల చరిత్ర అంతయు అందులో రెండుసార్లు ఇముడును. నాగార్జునసాగరము చుట్టుప్రక్కల కొండలలో ఇటువంటి గీతయే కనిపించును: అడుగున గ్రానైటు, నెత్తిన శ్రీశైలం క్వార్ట్జైటు టోపీ. ఆ టోపీ క్రింద, లంబాపురం, పెద్దగట్టుల వద్ద ముఖ్యముగా గీతకు దిగువ గ్రానైటులో, యురేనియము చేరియున్నదని 1990వ దశకములో తెలిసినది. తవ్వవలెనను ప్రతిపాదనను చుట్టుపట్ల ప్రజలు గట్టిగా వ్యతిరేకించినారు. కనుక ఈ గీత పాఠ్యపుస్తకములో మాత్రమే ఉండు గీత కాదు.

కర్నూలు పొరలు ఎప్పుడు మొదలైనవో వజ్రము కొంత చెప్పినది. ఎప్పుడు ముగిసినవో వివాదము తీరలేదు. 2012లో ఔకు షేలులో స్ప్రింగువలె చుట్టుకొన్న ఒబ్రుచెవెల్లా అను సూక్ష్మశిలాజమును వర్ణించి, ఆ పొరలు జంతుయుగపు వాకిటి వరకు రావచ్చునని కొందరన్నారు, ఇతరులు ఒప్పుకొనలేదు. పదిహేడవ శతాబ్దిలో టావెర్నియే అరువదివేల మంది పనిచేయుచున్నారని వ్రాసిన కొల్లూరు వజ్రపు గనులను చూపింతమన్నను వీలులేదు. 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయపు నీటి అడుగున అవి ఉన్నవి. మా విద్యార్థి తెచ్చిన రాయి మాత్రము ప్రయోగశాల బీరువాలో ఉన్నది. చీటీ మీద అతడు "సున్నపురాయి, మేళ్ళచెర్వు, 110 కోట్లకు లోపు" అని వ్రాసి, ప్రక్కన ఒక ప్రశ్నార్థకము పెట్టినాడు. నేను దానిని కొట్టివేయలేదు.