ఫైలు డెలిగేషన్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్)

ఫైలు డెలిగేషన్ అనగా నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ (ఎన్.ఎఫ్.ఎస్.)లో ఒక ఫైలుపై కొన్ని అధికారములను సర్వరు తాత్కాలికముగా క్లయింటు కంప్యూటరుకు అప్పగించుట. దీనిని తెలుగులో "అప్పగింత" అనవచ్చును. అప్పగింత ఉన్నంత కాలము క్లయింటు ప్రతిసారీ సర్వరును అడుగకుండానే ఆ ఫైలును తెరువగలదు, చదువగలదు. ఈ సౌకర్యము ఎంతవరకు మేలు చేయునన్నది, క్లయింటు దానిని ఎంత క్రమముగా తిరిగి ఇచ్చునన్న దానిపై ఆధారపడి ఉండును.

నేపథ్యము

ఎన్.ఎఫ్.ఎస్.ను సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో రూపొందించినది. దీని ద్వారా ఒక కంప్యూటరులోని ఫైళ్ళను ఇతర కంప్యూటర్లు తమ సొంత డిస్కులో ఉన్నట్లే వాడుకొనగలవు. క్లయింటు తాను చదివిన భాగమును తన మెమొరీలో దాచుకొనును. కాని ఈలోగా మరొక క్లయింటు ఆ ఫైలును మార్చి ఉండవచ్చును. అందుచేత 2, 3 వెర్షన్లలో క్లయింటు ఫైలును తెరచినపుడు "ఇది మారినదా?" అని సర్వరును అడుగును, మూయునపుడు మార్పులన్నిటిని సర్వరుకు పంపును. ఆ ఫైలును మరెవ్వరూ తాకకపోయినను ఈ రాకపోకలు తప్పవు. వీటిని తగ్గించుటకు 2000లో వెలువడిన 4వ వెర్షన్‌లో డెలిగేషన్ ప్రవేశపెట్టబడినది.

రకములు

* చదువు అప్పగింత: ఒకే ఫైలుపై ఒకే సమయములో అనేక క్లయింట్లకు ఇవ్వవచ్చును.
* వ్రాత అప్పగింత: ఒక్క క్లయింటుకు మాత్రమే ఇవ్వబడును. అది తన మార్పులను, లాకులను కొంతకాలము తనవద్దనే ఉంచుకొనవచ్చును.

అప్పగింత ఇచ్చుట, మానుట సర్వరు ఇష్టము. లైనక్స్ సర్వరు చాలాకాలము చదువు అప్పగింతలను మాత్రమే ఇచ్చినది. 2023లో విడుదలైన 6.6 కెర్నెల్‌తో వ్రాత అప్పగింతలు కూడా చేరినవి.

తిరిగి ఇచ్చు విధానము

"క" అను క్లయింటు వద్ద వ్రాత అప్పగింత ఉండగా, "ఖ" అను క్లయింటు అదే ఫైలును తెరువబోయినదని అనుకొందము. అప్పుడు సర్వరు అప్పగింతను తిరిగి ఇమ్మని "క"కు కబురు పంపును. "ఖ"కు మాత్రము "కొంత ఆగి మరల అడుగుము" అని బదులిచ్చును. "క" తాను తెరచి ఉంచిన ఫైలు వివరములను, లాకులను సర్వరు వద్ద నమోదు చేసి, మిగిలిన మార్పులను పంపి, ఆ పిమ్మటనే అప్పగింతను తిరిగి ఇవ్వవలెను.

ఇందులో జాప్యము జరిగిన "ఖ"లోని ప్రోగ్రాము నిలిచిపోవును. గడువు మీరినచో సర్వరు అప్పగింతను రద్దు చేయును. అప్పుడు "క" ఇంకను పంపని మార్పులు నష్టపోవచ్చును.

క్లయింట్లలో మెరుగుదలలు

* ముందుగా ఇచ్చుట: ఫైలును తొలగించుటకు లేదా దాని అనుమతులను మార్చుటకు ముందే లైనక్స్ క్లయింటు తన అప్పగింతను తానే తిరిగి ఇచ్చును. అందువలన సర్వరు కబురు పంపవలసిన పని తప్పును.
* వాడనివి వదలుట: ఫైలును మరల తెరువవచ్చునని, మూసిన తరువాత కూడా క్లయింటు అప్పగింతను ఉంచుకొనును. ఇవి పేరుకొన్నచో ఇరువైపుల మెమొరీపై భారము పడును. కావున పరిమితి మించినపుడు వాడుకలో లేనివి తిరిగి ఇవ్వబడును. 4.1 వెర్షన్‌లో సర్వరు కూడా "కొన్నిటిని వదలుము" అని కోరవచ్చును. ఏవి వదలవలెనో క్లయింటు ఎంచుకొనును.
* కబురు మార్గము: 4.0లో కబురు పంపుటకు సర్వరు క్లయింటుకు వేరొక కనెక్షను తెరువవలెను. నడుమ ఫైర్‌వాల్ ఉన్నచో అది సాధ్యపడదు. అట్టి క్లయింటుకు అప్పగింతలు లభించవు. 2010లో వెలువడిన 4.1లో క్లయింటు తెరచిన కనెక్షను మీదనే కబురు రాగలదు.
* 2025 నాటి చేర్పు: ఆర్.ఎఫ్.సి. 9754 ప్రకారము, వ్రాత అప్పగింత గల క్లయింటు ఫైలు సమయ వివరములను తానే నిర్వహించవచ్చును. అప్పగింత ఇచ్చినపుడు ఫైలు తెరచిన గుర్తును సర్వరు వేరుగా ఇవ్వనక్కరలేదు; కావున మూసినట్లు తెలుపు సందేశము కూడా తప్పును.

ఇవి కూడా చూడండి

* సర్వరు
* లైనక్స్
* కంప్యూటరు నెట్‌వర్కు