కుక్కపిల్లల పొడి ఆహారం: దినుసుల పరిశీలన

పాలు మాన్పించిన కుక్కపిల్లలకు పెట్టే గుళికల తిండి ఇది. ఇందులో తేమ దాదాపు 10 శాతమే. నాణ్యతకు మొదటి ఆధారం సంచి వెనక ముద్రించే దినుసుల పట్టీ. తయారీకి ముందున్న తూకాన్ని బట్టి, ఎక్కువ నుంచి తక్కువకు వాటిని వరుసగా రాస్తారు. కొనేవారు పొరబడేది ఇక్కడే. పచ్చి కోడిమాంసంలో దాదాపు 70 శాతం నీరే కాబట్టి అది వరుసలో ముందుంటుంది. గుళిక ఎండాక దాని వాటా బాగా పడిపోతుంది. నీరు, కొవ్వు చాలావరకు తీసేసిన ‘చికెన్ మీల్’ రెండో స్థానంలో ఉన్నా మాంసకృత్తులు ఎక్కువ ఇవ్వగలదు. మొక్కజొన్నను పిండి, నూక, గ్లూటెన్‌గా విడివిడిగా రాస్తే ధాన్యం తక్కువున్నట్టు కనిపిస్తుంది. వాటిని కలిపే చూడాలి. ఏ జంతువుదో చెప్పని ‘మాంసం’ కంటే పేరు చెప్పినదే మేలు. కాలేయం వంటి భాగాలు మాత్రం పోషకాలున్నవే, వాటిని చూసి భయపడనక్కర్లేదు.

పట్టీ ఒక్కటే చాలదు. అమెరికాలో పశువుల, పెంపుడు జంతువుల ఆహారానికి ప్రమాణాలు సూచించే సంఘం ‘ఆఫ్కో’ ప్రకారం, ఎదిగే పిల్లల ఆహారంలో తేమ తీసేసి లెక్కిస్తే కనీసం 22.5 శాతం మాంసకృత్తులు, 8.5 శాతం కొవ్వు ఉండాలి. గ్రేట్ డేన్ వంటి భారీ జాతుల పిల్లలకు కాల్షియం 1.8 శాతం మించకూడదు. మించితే ఎముకల ఎదుగుదల దెబ్బతింటుంది. సరైన గుళికలు పెడుతూ, పశువైద్యుడు చెప్పకుండానే కాల్షియం మందు కూడా తాగించడం అందుకే ప్రమాదం.